అడవి పిలిచే పేర్లు

అడవి గేటు దగ్గర, ఒంటరిగా వచ్చిన ఒకావిడ వాచ్‌మన్ ముందున్న రిజిస్టర్‌లో తన పేరు రాసింది. పెన్ను మాత్రం కింద పెట్టలేదు.

"ఈ అడవి మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుందటగా?"

"పిలిచేది నేనేనమ్మా. ఐదింటికి, ఇంకా బయటికి రానివాళ్ల పేర్లు మైకులో చదువుతాను. అవి కొండకు తగిలి తిరిగొస్తాయి. జనం దెయ్యమంటారు."

"కిందటేడు మా ఆయన్నీ పిలిచారు. తెగ మురిసిపోయారు."

"ఈసారి సారు రాలేదా?"

"చలికాలంలో పోయారు. నా కింద ఆయన పేరు కూడా రాయనా?"

"రాస్తే బయటికొచ్చినట్టు సంతకం పడాలమ్మా. పడకపోతే రోజూ పిలవాల్సిందే."

"ముప్పై ఏళ్లు 'ఏమండీ' అనడమే తప్ప పేరు పెట్టి పిలిచిందే లేదు. మీరైనా పిలవండి."

"అయితే ఐదింటికి కొండ కింద ఉండండమ్మా. అక్కడ రెండుసార్లు వినిపిస్తుంది."