ఆఖరి బాలు, ఫోటో: కుళ్ళాయప్ప

ఉరవకొండలో కుళ్ళాయప్ప ఫోటో స్టూడియో. మధ్యాహ్నం మూడు దాటింది. కంప్యూటరు ముందు కుళ్ళాయప్ప, పక్కన స్టూలు మీద బడిలో ఆటలు నేర్పే వనజాక్షి మేడం.

"ఇది ఎవురన్నా?"

"మన సుష్మ, మేడం."

"దీనికి మూడు చేతులుండాయి."

"కదిలింది మేడం. నేను కొట్టే లోపల ఆ పిల్ల కదిలింది."

"బాస్కెట్‌బాల్ అన్నా అది! కదలకుండా ఎట్ల ఆడతారు?"

"ఒక్క రవ్వసేపు నిలబడితే ఏం పోతాది? పెండ్లిలో నిలబడరా? ముహూర్తం దాటిపోతాన్నా సరే, పెండ్లికొడుకు తాళి ఎత్తి పట్టుకొని అట్లే ఉంటాడు, నేను చాలప్పా అనేదాకా."

"సరే, తరువాతది చూపించు. ఇదేంది, సొరకాయ?"

"బాలు."

"బాలా? సొరకాయ మాదిరి సాగింది గదన్నా!"

"అది ఈ కొస నుంచి ఆ కొసకు పోయిన దోవంతా పడింది మేడం. స్టేడియంలో పన్నెండు లైట్లుంటే వెలిగేది నాలుగు. ఆ నాలుగిట్లో ఒగటి ఆరుతాది, వెలుగుతాది, మళ్ళా ఆరుతాది. అట్లాంటి చీకట్లో కెమెరా కన్ను శానాసేపు తెరిచి పెట్టాల. తెరిచి పెడితే కదిలేదంతా సాగుతాది. తొందరగా మూస్తే అంతా నల్లగా వస్తాది. నేనేం చేసేది చెప్పండి."

"మా చెల్లెలి పెండ్లిలో బాగ తీసినావనే గదా నిన్ను పిలిచింది."

"మీ చెల్లెలు పరిగెత్తలేదు మేడం."

"ఫ్లాష్ వెయ్యకూడదా?"

"వేస్తి గదా, మొదట్లోనే! తాడిపత్రి టీము పాప కండ్లు మూసుకొని బాలు తెచ్చి మన సుష్మ చేతిలో పెట్టె. రెఫరీ ఈల ఊదుకుంటా వచ్చి ఫ్లాష్ పీకిచ్చె."

"అప్పుడన్నా ఊరికే ఉన్నావా? పెండ్లి లైటు తెచ్చినావు. గొడుగుతో సహా! స్టాండు తీసుకొచ్చి కోర్టు మధ్యలో నిలబెట్టినావు!"

"కోర్టు ఓరకే పెట్టినా మేడం. వాళ్ళే దాని దిక్కు వచ్చినారు."

"మన పిల్ల సారా బాస్కెట్ వేసినాక రెఫరీ కాడికి పోయి ఏమన్నావు?"

"అది... ఏమీ లేదు."

"చెప్పన్నా."

"సరిగా పడలేదు సార్, ఇంకొకసారి వేపియ్యండి అంటి. తలంబ్రాలు అట్లే గదా మళ్ళా మళ్ళా పోపిస్తాం."

"ఆయప్ప నా దిక్కు తిరిగి, మేడం, ఈ మనిషి మీవాడేనా అన్నాడు. నాకు భూమిలోకి పోదామనిపించింది!"

"మీవాడే అని చెప్పలేదా?"

"అన్నా, తమాషాలు చాలు. ఇప్పుడేం కావాల్నో మళ్ళా చెప్తాండా, విను. ఆఖర్న సుష్మ వేసిన బాలు బాస్కెట్‌లో పడింది. పడిందా, లేదా?"

"పడింది. నా రెండు కండ్లతో చూసినా."

"టైం అయిపోయినాక వేసిందని రెఫరీ కొట్టేసినాడు. తాడిపత్రికి ముప్పై ఒకటి, మనకు ముప్పై. ఆ ఒక్క బాస్కెట్ లెక్కలోకి వస్తే కప్పు మనది, పిల్లోల్లు రాష్ట్రం పోటీలకు పోతారు. గడియారంలో ఇంకా టైం ఉన్నట్ల, బాలు అప్పటికే సుష్మ చేతిలోనుంచి పోయినట్ల, రెండూ ఒకే ఫోటోలో కనపడాల. నాలుగు గంటల లోపల వాట్సాప్ గ్రూపులో పెట్టండి, చూస్తాం అన్నారు పోటీల కమిటీ సార్లు. నాలుగు దాటితే చూడరంట."

"తెలుసు మేడం."

"సుష్మ పదో తరగతి. వచ్చే ఏడు ఈ బడిలో ఉండదు. నిన్న అనంతపురం నుంచి బస్సులో వచ్చేటప్పుడు దోవంతా ఏడుస్తానే ఉండె. ఇంటికి పోయి అన్నం ముట్టలేదంట. వాళ్ళ నాయన యేసన్న ఫోన్ చేసి, మేడం, పోయినేడు శెనక్కాయ పంట ఎండిపోయినప్పుడు గూడా మా ఇంట్లో ఎవురూ ఇంత ఏడ్వలేదు అంటాడు."

"అయ్యో, పాపం."

"నాకు మాత్రం బాధ లేదా? పదకొండేండ్లన్నా! మట్టి నేల మీద, బాలు ఎగరని చోట ఈ పిల్లోల్లకు ఆట నేర్పించినా. ఫైనల్ దాకా రావడం ఇదే మొదలు."

"మీరు కండ్లనీళ్ళు పెట్టుకోవద్దండి మేడం. పద్నాలుగు వందల ఫోటోలు తీసినా. ఒగటన్నా ఉండకపోతాదా? ఇదిగో, ఇది చూడండి, ఎంత బాగ పడిందో."

"పట్టుచీర కట్టుకొని ఈమె ఎవురు?"

"వరలక్ష్మమ్మ. మీ హెడ్మాస్టరు సార్ భార్య."

"ఆమెను ఎందుకు తీసినావు? తరువాతది. ఇదీ ఆమేనా?"

"ఆమే."

"ఇది?"

"ఆమే. మేడం, ఆ స్టేడియంలో కదలకుండా కూర్చున్నది ఆమె ఒక్కతే. నూటాఇరవై ఉండాయి. ఆల్బం చెయ్యొచ్చు."

"నాయనా! తొయ్యి, ముందుకు తొయ్యి. ఇదేంది, ఉప్మా రవ్వ చల్లినట్ల?"

"చీకట్లో కెమెరాను బలవంతంగా చూడమంటే అట్ల రవ్వ పడతాది."

"ఈ రవ్వలో సుష్మ యాడుండాది?"

"ఈడ ఉండొచ్చు. లేదా ఇది స్తంభం."

"టైం ఎంతయింది?"

"మూడూ ముప్పావు."

"తిప్పన్నా, తొందరగా తిప్పు! ఆగు, ఇది ఎవురు? బాగనే పడింది."

"నాగలక్ష్మి. బెంచీ మీద కూర్చోనుండె, అందుకే పడింది. అవును మేడం, ఆ పిల్లను ఒక్కసారన్నా ఆడిపియ్యలేదే? వాళ్ళమ్మ భద్రమ్మ నా తావకు రెండుసార్లు వచ్చి, మా పిల్లను గూడా ఒక ఫోటో తియ్యప్పా అని బతిమాలె."

"ఎవురికన్నా దెబ్బ తగిలితే ఆ పిల్ల దిగాల. కోర్టులో మనవాళ్ళు ఐదుమందే ఉండాలన్నా. ఐదుమంది ఆ పక్క, ఐదుమంది ఈ పక్క. అది రూలు."

"ఐదుమందేనా?"

"ఐదుమందే. ఎందుకు?"

"ఏమీ లేదు, ఊరికే అడిగినా. పెండ్లిలో అట్లాంటి రూలేమీ లేదు గదా. ఎవురన్నా ఓరగా నిలబడుంటే, రామ్మా, రాప్పా అని మేమే లాగి నిలబెడతాం. ఫ్రేము నిండాల మాకు. బోసిగా ఉంటే ఆల్బం చూసినప్పుడు చుట్టాలు తిడతారు."

"అన్నా, ఇది పెండ్లి గాదు!"

"అదే చెప్తాండారు నిన్నటి నుంచి. మేడం, ఒక మాట చెప్తే తిట్టరు గదా?"

"ఏంది?"

"గడియారాన్ని ఒక ఫోటోలోనుంచి తీసి, బాలును ఇంకొకదాంట్లోనుంచి తీసి, సుష్మను మీ బడి గ్రూపు ఫోటోలోనుంచి తీసి, మూడూ కలిపేస్తా. ఎవురూ కనుక్కోలేరు. మల్లికార్జునయ్య కొడుకు పెండ్లి ఆల్బంలో, చచ్చిపోయి నాలుగేండ్లయిన వాళ్ళవ్వను ముందు వరసలో కూర్చోబెట్టినా. అక్షింతలు గూడా వేపిచ్చినా."

"నోరు మూసుకో! ఒక్క చుక్క మార్చినా ఒప్పుకోను. దొంగ ఫోటో పెడితే రేపు సుష్మను దొంగ అంటారు. పైగా తాడిపత్రి టీముతో వచ్చిన శివప్ప సార్ ఎవురనుకున్నావు? లెక్కల మాస్టరు. ఆటల సార్ లేక ఆయనకు అంటగట్టినారు. ఆట రాదు గానీ, దేన్నయినా వేలు పెట్టి లెక్కబెడతాడు. మాకెన్ని బాలులు ఇచ్చినారో, వాళ్ళకెన్ని ఇచ్చినారో గూడా లెక్కబెట్టినాడు నిన్న."

"సరే సరే, కోప్పడొద్దండి."

"ఇందులో ఏమీ మార్చలేదు, ఉండేది ఉండినట్లే తీసినాను అని నీ చేత్తో రాసి సంతకం పెట్టాల. అది గూడా పంపాలన్నారు."

"అది పొద్దున్నే రాసి, స్టూడియో ముద్ర గూడా వేసినా. ఇదిగో చూడండి. ఫోటో ఒక్కటి దొరకాల, అంతే."

"రాసింది చాలు, తిప్పు! ఇది సొరకాయ. ఇది వరలక్ష్మమ్మ. ఇది రవ్వ. ఇది... ఏయ్, ఆగు! వెనక్కి పో. ఇంకొకటి వెనక్కి. ఇదే!"

"ఇదా? ఇది ఆఖర్న తీసింది."

"గడియారం చూడన్నా! ఒకటి! ఇంకా ఒక సెకండు ఉండాది!"

"బాలు చూడండి మేడం, బాలు! గుండ్రంగా ఉండాది!"

"సుష్మ చేతిలో లేదు! బారెడు పైన ఉండాది! చెప్పలా నేను? టైం లోపలే వేసింది నా బిడ్డ! అయినా ఇదొక్కటి ఇంత బాగ ఎట్ల పడిందన్నా?"

"ఎవురూ కదల్లేదు మేడం. బాలు పైకి పోయి, దిగేముందర ఒక్క రవ్వసేపు ఆడనే నిలబడింది. కిందనుండే వాళ్ళంతా, పడతాదా పడదా అని నోరు తెరుచుకొని నిలబడినారు. పద్నాలుగు వందల ఫోటోల్లో అప్పుడొక్కసారే అందరూ పెండ్లోళ్ళ మాదిరి కుదురుగా ఉండారు."

"నీకు దండం పెడతా అన్నా. నిన్ను ఎన్ని మాటలంటినో!"

"ఫ్రేము చూడండి, ఎంత నిండుగా ఉండాదో. కుడి పక్క బోసిగా ఉంటే నేనే సర్ది..."

"అదంతా తరువాత! మూడూ యాభై అయింది. పంపించు. సంతకం కాగితం గూడా పంపించు."

"మేడం, మీరొకసారి నిదానంగా చూసి..."

"చూసినా! గడియారం, బాలు, సుష్మ. ఇంకేం కావాల? పంపించన్నా, మళ్ళా కరెంటు పోతాది!"

"పంపిస్తాండా... ఫోటో పోయింది... కాగితమూ పోయింది. అందరూ చూస్తాండారు, నీలం టిక్కులు పడినాయి."

"హలో, యేసన్నా? పాపకు ఇయ్యి. సుష్మా! లెయ్ తల్లీ, దొరికింది, ఫోటో దొరికింది! అవును, టైం లోపలే వేసినావు. మళ్ళా ఎందుకు ఏడుస్తాండావే? పోయి అన్నం తిను. ఇప్పుడే తిను. పొట్ట నిండా తిను."

"మేడం, శివప్ప సార్ మెసేజి పెట్టినాడు."

"ఉండు తల్లీ, ఫోన్ పెట్టొద్దు. ఏమంటాడన్నా? చదువు, గట్టిగా చదువు, పాప గూడా వినాల."

"'వనజాక్షి మేడంకు నమస్కారం. ఫోటో చాలా స్పష్టంగా ఉంది. బాలు టైం లోపలే వేసినారు. ఒప్పుకుంటున్నాను.'"

"ఒప్పుకున్నాడా! విన్నావా సుష్మా? ఆయనే ఒప్పుకున్నాడు! దేవుడా, పదకొండేండ్లకు..."

"ఇంకొక ముక్క ఉండాది మేడం."

"చదువన్నా."

"'మీ పిల్లలు ఆరుమందీ ఫోటోలో చాలా బాగా పడినారు.'"

"ఆరుమందీ... ఆరుమందా? సుష్మా, మళ్ళా చేస్తా, నువ్వు తింటా ఉండు. అన్నా, ఆ ఫోటో పెద్దది చెయ్యి. సుష్మ, సారా... ఇది మూడు, నాలుగు, ఐదు... కుడి పక్క ఇదెవురు? అందరూ బాలు దిక్కు చూస్తాంటే, ఇదొక్కటే కెమెరా దిక్కు తిరిగి పండ్లు బయటపెట్టి నవ్వుతాండాదే, ఎవురన్నా ఇది?"

"నాగలక్ష్మి, మేడం. ఆ పక్క బోసిగా ఉండాది, వచ్చి నిలబడమ్మా అని నేనే పిలిస్తి. నవ్వమని గూడా నేనే చెప్తి."