సముద్రం కుడిచేతి వైపు

ఏమే, సర్దడం అయిందా? అన్ని బట్టలెందుకే, కాపురానికి వెళ్తున్నట్టు! ఒక్కపూట ఇంటర్వ్యూకి ఒక్క చేతిసంచీ చాలు. నా మాట కాదమ్మా, మా మావయ్య మాట. అదే, మా అమ్మ తమ్ముడు, ఇప్పుడు నువ్వు వెళ్తున్న ఊళ్ళోనే సిటీ బస్సు కండక్టరు. నువ్వు పుట్టకముందే పోయాడులే. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. కానీ ఆ మహానగరం మాత్రం ఆయనకి అరచేతిలో ఉసిరికాయ. నాకు టెలిఫోన్ ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకి రమ్మని కాగితం వచ్చినప్పుడు మా నాన్న ఏమన్నాడో తెలుసా? "గడప దాటని పిల్లవి, ఆ ఊళ్ళో తప్పిపోయావో, ఇక ఉద్యోగం మాట ఎత్తకు" అన్నాడు. ఇంకేముంది, మావయ్య వస్తాడన్న ధైర్యంతోనే ఉన్నాను. ఆయనేమో ఉత్తరం రాశాడు. "అడ్రసు రెండు చోట్ల పెట్టుకో. నడిచిపోయేవాణ్ణి దారి అడక్కు, వాడూ కొత్తవాడేమో. కూర్చుని అమ్ముకునేవాళ్ళని అడుగు. ఉప్పుగాలికి దాహం తెలీదు, నీళ్ళు తాగుతూ ఉండు. స్టేషన్ ముందు తొమ్మిదో నంబరు ఎక్కు. సముద్రం కుడిచేతి వైపు ఉండాలి. నేను రాను." అంతే! ఆ చివరి ముక్క చదివి ఎంత తిట్టుకున్నానో.

స్టేషన్ బయటికి రాగానే తొమ్మిదో నంబరు కనబడింది, ఎగిరి ఎక్కేశాను. కిటికీ దగ్గర కూర్చుని సముద్రాన్ని చూస్తూ నోరు తెరిచేశాను. ఎన్ని నీళ్ళే బాబూ! ఆ, ఏం చెబుతున్నాను? చెయ్యి. కిటికీ మీద ఆన్చింది ఎడమ చెయ్యి! అంటే సముద్రం ఎడమ వైపుందన్నమాట! అదే నంబరు అటూ వెళ్తుంది, ఇటూ వెళ్తుందని నాకేం తెలుసు? "ఆపండి, ఆపండి" అని అరిచి దిగిపోయాను. రోడ్డు దాటి, పిన్నీసులు అమ్ముకుంటున్న ఒకావిడని అడిగి, ఇటు వెళ్ళే తొమ్మిదో నంబరెక్కి, పిలవడానికి అయిదు నిమిషాల ముందు ఆఫీసులో పడ్డాను. తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే "హలో" అంటూ కూర్చున్నాను.

అసలు సంగతి మావయ్య పోయాక అత్తయ్య చెప్పింది. "ఆ రోజు మీ మావయ్య సెలవు పెట్టారే. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని నీ వెనక సీట్లోనే కూర్చున్నారట" అంది. వింటున్నావా? నేను తప్పు బస్సెక్కితే, నోరు మెదపకుండా నాతోపాటు తప్పుదారినే వచ్చాడే ఆ మహానుభావుడు! నేను దిగితే దిగాడు, ఎక్కితే ఎక్కాడు. ఒక్క మాట చెప్పేస్తే పోయేదిగా? చెప్పలేదు. ఇంటికెళ్ళి "నా మేనకోడలికి ఇక ఎవరూ దారి చెప్పక్కర్లేదు" అని అత్తయ్య దగ్గర కళ్ళు తుడుచుకున్నాడట. అలాంటి మనిషిని మళ్ళీ చూడలేదమ్మా.

ఏంటీ? రేపు నీకు తోడు రావాలా? నేనెక్కడ రాగలనే, ఈ మోకాళ్ళతో! నేను రాను. నువ్వే వెళ్ళిరా.

అవునూ, నీ బండి ఎన్నింటికన్నావ్? ఊరికే అడిగాలే. ఆ నల్ల కళ్ళజోడు ఎక్కడ పెట్టానో, కాస్త వెతికిపెట్టు.