గుప్పిట్లో కొత్త కేంద్రకం

కొత్తల్లుడు మొదటిసారి మామగారు పనిచేసే పరిశోధనశాల చూడ్డానికొచ్చాడు. పొద్దుట్నుంచీ "ఊఁ", "ఆఁ" తప్ప నోరు విప్పలేదు. అతని కంటికి తాను ఉత్త పంపుల మెకానిక్‌గా కనిపిస్తానేమోనని మామగారికి ఒకటే గుబులు. అందుకే క్యాంటీన్ అరుగు మీద టీ చేతికి రాగానే కబుర్లు అందుకున్నారు.

"చిన్న పరమాణు కేంద్రకాన్ని తీసుకెళ్ళి పెద్దదానికేసి కొడతారు అల్లుడుగారూ. కోటానుకోట్ల సార్లు కొడితే ఎప్పుడో రెండూ అతుక్కుని, లోకంలో లేని కొత్త కేంద్రకం పుడుతుంది. దానికోసం నాలుగు దేశాలవాళ్ళు ఇక్కడే మకాం. ఒకరోజు ఆ కేంద్రకాలు పరిగెత్తే మిషను గొట్టానికి చిన్న లీకు. లోపలికి గాలి దూరిందా, పని గోవిందా! నాలుగు భాషల్లో తలలు పట్టుకుంటుంటే, నేను వెళ్ళి ఒక్క నట్టు బిగించా."

"అంతేనా?" అన్నాడు పక్కన టీ ఊదుకుంటున్న మామగారి బావమరిది. ఆ మిషను హాలు గుమ్మం దగ్గర కాపలా అతనే.

"అంతేనా ఏంటి? లీకు ఆగితేగా! బొటనవేలు అడ్డం పెట్టా. లోపల గాలి లేదు కదా, వేలు లాగేసింది, మోచెయ్యి లాగేసింది, భుజందాకా పోయా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అల్లుడు ముందుకు జరిగాడు. మామగారికి ప్రాణం లేచొచ్చింది.

"నేను లోపలుండగానే మిషను వేసేశారు! టక్కున కొత్త కేంద్రకం పుట్టి నా గుప్పిట్లో పడింది. కన్ను మూసి తెరిచేలోగా పోయే జాతి అది, నా అరచేతి వెచ్చదనానికి టీ చల్లారేదాకా బతికింది! గిలిగింతలు కూడా పెట్టింది. కూరగాయల కాటాలో వేస్తే ముల్లు గిర్రున తిరిగింది. నాలుగు దేశాలవాళ్ళూ దానికి నా పేరే పెడతామని కాళ్ళావేళ్ళా పడ్డారు. నేనే, ఎందుకులెండి, మీలో మీకు గొడవలొస్తాయన్నా."

బావమరిది గ్లాసు కింద పెట్టాడు.

"బావా, లోపలికెళ్ళే ప్రతివాళ్ళూ నా బోర్డు మీంచి ఒక తాళంచెవి తీసుకెళ్ళాలి. అవన్నీ తిరిగి బోర్డెక్కితేగానీ మిషను కదలదు. ఆవేళ నట్టు బిగించి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి పోయిందెవరు? భోంచేసి గురక పెడుతుంటే నేనొచ్చి లేపలా? అందాకా ఆ నాలుగు దేశాలవాళ్ళూ ఈ అరుగు మీదే ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు!"

మామగారి మొహం మాడిపోయింది. ఇక అల్లుడి ముందు తలెత్తేదెలాగా అని చల్లారిన టీని ఊదుకోసాగారు. అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని మామగారి పక్కకొచ్చి కూర్చున్నాడు.

"నట్టుదేముంది మామయ్యగారూ, ఎవరైనా బిగిస్తారు. ఒక్క కునుకుతో నాలుగు దేశాల్ని ఆపింది మాత్రం మీరొక్కరే!"