నలుగు నాడు బయటపడ్డ చారలు

“అమ్మమ్మా, పొట్ట మీద ఈ చారలు పోతాయంటావా? డాక్టరమ్మ ఈ క్రీము రాసుకోమంది.”

ఏదీ, ఇటియ్యి చూద్దాం. ఇంతేనా, ఇంత చిన్న గొట్టమా! ఎంతకి కొన్నావో చెప్పబాక, నా గుండె ఆగిపోద్ది. వాసన బానే ఉందే. రాసుకో, వద్దని నేననను. చర్మం మెత్తబడుద్ది, దురద తగ్గుద్ది, ఆ మాత్రం మంచిదే. గానీ చార పోద్దా అంటే... ఒసే, చారల సంగతి నన్నడుగు నువ్వు. ఈ చారల మూలాన నా పెళ్లే ఆగిపోయేది, తెలుసా నీకు? మీ అమ్మ చెప్పలేదూ? చెప్పదులే, దానికి సిగ్గు. నాకేం సిగ్గు. ఇట్టా దగ్గరికి జరుగు, పిల్లను ఒళ్లో యేసుకోని కూర్చో.

నీకు పిల్లను కన్నాక వచ్చినయ్యి. నాకు పెళ్లి కాకముందే వచ్చినయ్యి. ఆ, నవ్వు నవ్వు. అప్పుడెవురూ నవ్వలా.

మాది దుర్గి పక్కన పల్లె గదా. మా నాయన సాగర్ డ్యాం కాడ రాతిపనికి పోతన్న రోజులవి. డ్యాం మొదలైన కొత్తల్లో... కాదు కాదు, మొదలై రెండు మూడేళ్లయింది, అప్పటికి మా తమ్ముడు నడుస్తన్నాడు. నాకు పదిహేనో పదహారో. పెద్ద జరం వచ్చింది, టైఫాయిడ్ అంటారే, అది. మంచాన పడి జుట్టంతా ఊడి, కందికట్టె మాదిరి అయిపొయ్యా. బతకనే అనుకున్నారు. జరం తగ్గినాక మా అమ్మ ఊరుకుందా? నువ్వులూ బెల్లం దంచి ముద్దలు, సంగట్లో నెయ్యి, పూటకో గుడ్డు. గుడ్డు అణాకి వచ్చేది లే అప్పుడు, అయినా మాకు అణా అంటే అణానే. ఇంకేముంది, నాలుగు నెల్లు తిరిగేసరికి రవికెలు పట్టలా నాకు. ఆ ఒళ్లు ఒక్కసారే వచ్చింది చూడూ, దాంతోపాటే పొట్ట మీదా, నడుం పక్కలా ఎర్రగా చారలు. పిల్లి గీరినట్టు. మా అమ్మ చూసి నోరు నొక్కుకుంది. పెళ్లి కావాల్సిన పిల్లాయె!

ఆముదం పూసింది. వెన్న పూసింది. పచ్చి పసుపు నూరి పట్టేసింది. చివరికి మాచర్ల సంతలో ఒకడు సీసాలో ఎర్రనూనె అమ్ముతన్నాడంట, ఎట్టాంటి మచ్చయినా మాయమే అన్నాడంట, కొనుక్కొచ్చింది. నేనేం చేశానో తెలుసా? ఎడం పక్కే రాశా. కుడి పక్క ఒట్టిగా వదిలేశా. నాకు చిన్నప్పటి నించీ అంతే, తేల్చుకోందే దేన్నీ ఒప్పుకోను. సీసా అయిపోయింది, ఏడాది దాటింది, ఎరుపు పోయి తెల్లబడినయ్యి. ఎడం పక్కా తెల్లబడినయ్యి, కుడి పక్కా తెల్లబడినయ్యి. ఈసమెత్తు తేడా లేదు. మా అమ్మేమో ఆ నూనె మహిమ అని ఊరంతా చెప్పుకుంది! అవి వాటంతటయ్యే తెల్లబడతయ్యే. బొత్తిగా పోవు. ఇదిగో నాకు ఇప్పటికీ ఉన్నయ్యి. నువ్వు కూడా ఒక పక్కే రాసి చూడు, దాంతో నీకు పోయినయ్యనుకో, అప్పుడు నాకు చెప్పు, నీ డాక్టరమ్మకి దండం పెడతా.

ఎందాకా వచ్చా? ఆ, పెళ్లి.

గురజాల వైపు సంబంధం. మీ తాత. మా ఊరి చర్చిలోనే పెళ్లి, అంతా ఖాయమైంది. మనోళ్లలో చర్చి పెళ్లయినా ముందురోజు నలుగు పెట్టకుండా ఉండరు గదా. పెళ్లికొడుకు తరపు ఆడోళ్లు వచ్చి పెళ్లికూతురికి పిండి రుద్దాల. మా వైపు పెద్దామె విడిదికి పొయ్యి పెళ్లికొడుకు మీద మొదటి చెంబు పొయ్యాల. అది పద్ధతి. సరే, మా నాయనమ్మ చెంబు తీసుకోని ఆడికి పోయింది. ఈడ తడిక చాటున పీట మీద నన్ను కూర్చోబెట్టారు. వచ్చింది దీనమ్మ.

దీనమ్మంటే మీ తాతకి మేనత్త. తన కూతుర్ని ఆయనకిద్దామని చూసింది, మా మామ ఒప్పుకోలా. అదీ ఆమె కడుపుమంట. రుద్దటం కాదే తల్లీ అది, పిడకలు తట్టినట్టు తట్టింది నన్ను. రుద్దతా రుద్దతా నడుం కాడ ఆగిపోయింది. కొంగు పక్కకి లాగింది.

“ఇయ్యేందే?”

“జరమొచ్చి తగ్గినాక వచ్చినయ్యి పెద్దమ్మా.”

“జరమా! ఆరుగుర్ని కన్నదాన్ని, కన్న పొట్ట ఎట్టా ఉంటదో నాకు చెప్తావా నువ్వు?”

ఇంక చూడు. తడిక బయట పాడతన్నోళ్లంతా టక్కున ఆగిపొయ్యారు. మా అమ్మ పిండి గిన్నె పట్టుకోని అట్టానే కూలబడింది. పోనీ దీనమ్మ అరిచి పొయ్యిందా అంటే, అదీ లేదు. నిదానంగా చేతులు కడుక్కోని ఏమందో తెలుసా? “ఇప్పుడు చెప్తే మీరంతా కలిసి నా నోరు మూస్తారు. రేపు పాస్టరు అయ్యగారు అడుగుతాడు గదా, ఈ పెళ్లికి అభ్యంతరం ఉన్నోళ్లు చెప్పండని. చర్చిలో అందరి ముందూ లేచి చెప్తా” అంది.

ఆ మాట మామూలు మాటనుకున్నావా? అయ్యగారు అడిగినప్పుడు ఒక్కరు లేచి నిలబడితే చాలు, పెళ్లి ఆగిపోద్ది. ఆగిన పెళ్లికూతుర్ని మళ్లీ ఎవుడు చేసుకుంటాడే? మా నాయన ఇంక తలెత్తుకోని డ్యాం పనికి పోగలడా?

సరిగ్గా అప్పుడే మా నాయనమ్మ ఖాళీ చెంబుతో తిరిగొచ్చింది. ఇదంతా ఆమెకేం తెలుసు? నవ్వుకుంటా, “పిల్లోడు ఎంత పొడుగమ్మా! నడుం మీద అడ్డంగా వాతలు పెట్టినట్టు చారలుంటే, ఎవురు కొట్టార్రా అయ్యా అనడిగా. ఎవురూ కొట్టలేదవ్వా, ఒక్క ఏడాదిలోనే ఇంత సాగా, అప్పుడు పడినయ్యి అన్నాడు” అంది.

అంతే! లేచా. ఒళ్లంతా పిండి, మొహాన పసుపు, జుట్టు నిండా నూనె. కొంగు బిగించి దోపా. “ఏమే, యాడికే, పెళ్లికూతురు గడప దాటగూడదే” అని మా అమ్మ ఎనకాల పరిగెత్తుకొస్తంది. దాటా. దీనమ్మ చెయ్యి పట్టుకోని లాక్కపొయ్యా. ఆమె బరువుకి నా భుజం ఊడిపోతదేమో అనిపించింది, అయినా వదల్లా. వీధి వీధంతా మా ఎనకే.

విడిది వాకిట్లో మీ తాత పీట మీద కూర్చోని, తడి పంచెతో, తల మీద కుంకుడు నురగ. కళ్లు తెరవలేక, “ఎవురూ?” అన్నాడు.

“నేను. అటు తిరుగు. వీపు చూపించు.”

తిరిగాడు! ఒక్క మాట అడక్కుండా తిరిగాడు. ఆ రోజు తిరిగినోడు బతికినన్నాళ్లూ నేను తిరగమంటే తిరిగాడు, ఆ మాట ఒప్పుకోవాల. నడుం మీద ఇదిగో ఇట్టా, ఒకదాని కింద ఒకటి, నా చారలకి అన్నదమ్ముల్లాగా ఉన్నయ్యి. దీనమ్మను ముందుకి నెట్టి, “పెద్దమ్మా, బాగా చూడు. నీ మేనల్లుడు ఎంతమందిని కన్నాడో లెక్కేసి చెప్పు. వాళ్లను కూడా రేపు చర్చికి పిలుచుకొద్దాం” అన్నా.

అబ్బా! మొదట నవ్వింది మా అత్త, మీ తాతోళ్లమ్మ. ఆమె నవ్వేసరికి ఆడోళ్లంతా నవ్వారు, మొగోళ్లు తలకాయలు పక్కకి తిప్పుకోని నవ్వారు. నీళ్లు పోసే చాకలి రాజమ్మయితే బిందె కింద పెట్టి నేల మీద కూర్చోని నవ్వింది. మీ తాత ఒక్కడే, “ఏంది దీనమ్మత్తా? ఏం జరిగింది?” అంటన్నాడు, నురగ తుడుచుకుంటా.

దీనమ్మ దిగొచ్చిందనుకున్నావా? “మొగోళ్లకి వేరు, ఆడోళ్లకి వేరు. నేననేది నేను రేపే అంటా” అని మొహం తిప్పుకోని పోయింది. మా అత్త వచ్చి నా గడ్డం పట్టుకోని, “భయపడబాకమ్మాయ్” అంది. నాకు భయమా? నాకు ఒళ్లు మండిపోతంది.

తెల్లారి చర్చి. తెల్లచీర కట్టుకోని నిలబడ్డా. మీ తాత పక్కన నిలబడితే నేను ఆయన భుజానికి వచ్చా. అయ్యగారు పాట పాడించాడు, వాక్యం చదివాడు, కళ్లద్దాలు సవరించుకోని అడిగాడు: ఈ పెళ్లికి ఎవురికైనా అభ్యంతరముందా? అందరి తలకాయలూ ఎనకాల చాప మీదున్న దీనమ్మ వైపు తిరిగినయ్యి. ఆమె గొంతు సవరించుకుంది. లేస్తదా లేవదా... లేస్తదా లేవదా... లేవలా. అయ్యగారు గబుక్కున, “మంచిది” అని ముందుకు పోబొయ్యాడు.

నేనూరుకుంటానా? అట్టా ఊరకే వదిలేస్తే రేపు పొద్దున, నాకు అడిగింది ఇనపడలేదనో, సందియ్యలేదనో అంటది. నా బతుకంతా ఆ మాట ఎనకాల తిరగతా ఉంటది. అందుకని తలెత్తి, “అయ్యగారూ, ఇంకోసారి అడగండి. గట్టిగా అడగండి. ఎనకాల చాప మీదోళ్లకి ఇనపడినట్టు లేదు” అన్నా.

పెళ్లికూతురు మాట్టాడటం ఆ చర్చి ఎప్పుడూ చూడలా! అయ్యగారు మా నాయన వైపు చూశాడు, మా నాయన నేల చూశాడు. మీ తాత మాత్రం, “అడగండయ్యగారూ” అన్నాడు. అదే నేను ఇన్న ఆయన మొదటి మంచిమాట. గంట కొట్టినంత గట్టిగా అడిగాడు అయ్యగారు. దీనమ్మ కొంగు నెత్తిన యేసుకోని, ఒళ్లో ఉన్న మనవరాలి తల్లో పేలు చూసుకుంటా కూర్చుంది.

ఆమె పొయ్యేదాకా ఆమె ఇంట్లో మంచినీళ్లు ముట్టలా నేను. ఆమె మాత్రం నా ఇంటికొచ్చి కడుపునిండా తిని, ఉప్పు చాల్లేదని చెప్పి మరీ పొయ్యేది. ఏం మనిషే అసలు! ఇప్పటికీ తలుచుకుంటే...

అదిగో, లేచిందే నీ కూతురు. ఇటియ్యి, నేనెత్తుకుంటా. ఏమే బుజ్జిముండా, మీ ముత్తాతంత పొడుగు సాగాల నువ్వు, ఒంటి మీద ఎన్ని చారలు పడితే పడనీ. ఎవురన్నా నీ ఎనకాల గొణిగారనుకో, మళ్లీ చెప్పమనాల, గట్టిగా చెప్పమనాల. పక్కన నిలబడి ‘అడగండి’ అనేవాణ్ణే దేవుడు నీకియ్యాల తల్లీ... ఓలోలో, ఆకలయిందా, ఇదిగో అమ్మ, ఇదిగో...