చొక్కా మీద కట్టిన దారం

మార్చి మొదటి రోజున బల్గేరియాలోని ప్లొవ్‌దివ్ ఊళ్ళో అందరిలాగే స్పాస్ కూడా తన కూతురు రాలిత్సా మణికట్టుకి ఎరుపూ తెలుపూ పేనిన దారం కట్టాడు. చొక్కా చేతి మీదే కట్టమని ఆ పిల్ల పట్టుబడితే, చలికేమో అనుకున్నాడు. పూసిన చెట్టో, వలస వచ్చిన కొంగో కనబడగానే ఆ దారం విప్పి కొమ్మకి కట్టాలి. ఇవాళ పెరట్లో ఆప్రికాట్ చెట్టు పూసింది. దాని కింద రాలిత్సా దారం విప్పి తండ్రికిచ్చి, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచింది.

"ఎవరు చేశారు తల్లీ ఈ గాట్లన్నీ?"

"నేనే నాన్నా. లోపల భరించలేనప్పుడు."

స్పాస్ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"తిట్టవేం?"

"తిడితే తగ్గుతుందా అమ్మా?"

"ఇంకెప్పుడూ చెయ్యనని ఒట్టు వేయించుకుంటావా?"

"వేయించుకోను. ఒట్టు తప్పితే మళ్ళీ నా దగ్గర దాస్తావు. అలా అనిపించినప్పుడు నన్ను లేపు, ఏ వేళైనా సరే. కారణం చెప్పకపోయినా పర్లేదు. డాక్టరు దగ్గరికి మాత్రం ఇద్దరం వెళ్దాం."

"సరే. మరి అలా చూస్తావేం? అసహ్యంగా ఉందా?"

"నీ వయసులో నేను జ్వరమొచ్చిందని చెప్పడానికే భయపడేవాణ్ణి. నువ్వు చెయ్యి చాపి చూపించావే! ఇంత ధైర్యం ఎవరి పోలికే నీకు?"

"నీ పోలిక మాత్రం కాదు. సాలీడుని చూస్తే కుర్చీ ఎక్కుతావు."

అతను నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. దారం కొమ్మకి కట్టబోయాడు.

"ఆగు నాన్నా. ఇన్నాళ్ళూ దాన్ని కట్టుకుంది చొక్కా, నేను కాదు. అది లెక్కలోకి రాదు. కొంగలింకా రాలేదుగా, వచ్చేదాకా ఉంచుకుంటా. చేతికి కట్టు."

అతను వదులుగా ముడి వేశాడు.

"నొప్పిగా ఉందా?"

"గట్టిగా కట్టు నాన్నా. ఊడిపోకూడదు."