రూతమ్మ పెట్టెకు నరసప్ప బీగం

"యాలక్కా అట్ల తొందరపడతావు? బీగం తీయడమంటే శనక్కాయ ఒలిచినట్లనుకుంటివా? దానికి మంచి మాటలు చెప్పల్ల, బుజ్జగించల్ల" అంటూ బీగాలు బాగుచేసే నరసప్ప గొంతుక్కూర్చున్నాడు.

హిందూపురం బస్టాండు పక్కన రూతమ్మ టీ బండి అది. కింది ఇనప పెట్టెలోనే పాలు, చక్కెర, స్టవ్వు అన్నీ. పొద్దున్నే పెట్టె తెరిచి గ్లాసులు తీసుకుని, అలవాటుకొద్దీ నొక్కుడు బీగం టక్కుమనిపించింది. బీగంచెవి లోపలే ఉండిపోయింది. లేపాక్షి బస్సు వచ్చేలోగా టీ కాగకపోతే జనం ఎదురు హోటలుకు పోతారు. పొద్దుటి బేరమంతా పోయినట్లే. ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

నరసప్ప బీగంలో తీగ పెట్టి తిప్పుతూ నోరు విప్పాడు.

"పోయినేడు పెనుకొండలో ఒక అయ్యవారి స్కూటరు బీగంచెవి పోయింది. తీగ పెట్టి ఇట్లంటి, స్టార్టయిపాయె. అది చిన్నపని, చెప్పుకోను గూడా చెప్పుకోను."

"చెప్తానే ఉండావు గదప్పా" అన్నాడు ఆటో తోలే ఆశీర్వాదం.

"వినబ్బా. ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు కారులో పెండ్లిచీరలన్నీ పెట్టి, చెవి లోపలే వదిలి డోరేసినాడు. ముహూర్తం ముంచుకొస్తాండాది. బెంగళూరు నుంచి వచ్చిన ఇంజినీర్లు లాప్‌టాపులు పట్టుకొని కారు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తాండారు. నేను పోయి, పండిందా లేదాని కలింగరపండు కొట్టి చూస్తాం చూడు, అట్ల అద్దం మీద వేలితో కొడితి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగు డోర్లూ, డిక్కీ, అన్నీ ఒక్కసారే తెరుచుకున్యాయి! అంతేనా? ఆ వీధిలో నిలబెట్టిన కార్లన్నీ తెరుచుకొనె. వాటి ఓనర్లు నా మీదికి కొట్లాటకొచ్చిరి."

"బీగం సంగతి చూడు నరసప్పా" అంది రూతమ్మ.

"చూస్తాండా గదక్కా. ఇంగ ఒక ఫైనాన్సు కంపెనీవోళ్లు పిలిపించిరి. ఏనుగంత లాకరు. నాకప్పుడు జలుబు. తుమ్ము ఆపుకోలేక హాచ్‌మంటి. తలుపు తెరుచుకొని వాచ్‌మన్ సలాము కొట్టినట్ల నిలబడె! ఆ తుమ్ముతో వచ్చింది తంటా. చిలమత్తూరులో మా అత్తగారింటికి పోయింటి. ఊర్లోకి కాలు పెడితే చాలు, ఇండ్ల బీగాలన్నీ టపటపా రాలిపడె. దొడ్ల తడికెలు తెరుచుకొని గొర్రెలన్నీ, పారిపోతాండే నా యెనకాలే కర్ణాటకలోకి వచ్చేసినాయి. ఊరి పెద్దలు కాళ్లు పట్టుకొని, 'సామీ, ఇంగ మా ఊరికి రావొద్దు' అనిరి. అందుకే నేను అత్తగారింటికి పోను."

"గొడవపడి రావొద్దన్యారని వింటిమే!" అన్నాడు ఆశీర్వాదం.

"గిట్టనోళ్లు వంద చెప్తారబ్బా. ఇంగ నా పేరు వింటేనే..."

మలుపులో లేపాక్షి బస్సు హారను మోగింది. ఆశీర్వాదం ఆటోలోంచి స్పానరు తెచ్చాడు. నరసప్ప మాటల్లో, నరసప్ప తీగ బీగంలో ఉండగానే, పెట్టె వెనక్కు పోయి మూత బందులకున్న బోల్టులు విప్పి, మూతను వెనకనుంచి పైకెత్తాడు. రూతమ్మ చెయ్యి పెట్టి గబగబా స్టవ్వు, పాలు బయటికి లాగింది. ముందువైపు బీగం మాత్రం వేసింది వేసినట్లే ఉంది.

నరసప్ప తీగ బీగంలోంచి లాగి జేబులో పెట్టుకున్నాడు.

"చూస్తిరా? నేను బీగాన్ని మాటల్లో పెట్టకపోతే, అది బోల్టులు విప్పనిస్తుండెనా?"

అందరూ నవ్వారు. రూతమ్మ పాలు పొయ్యి మీద పెట్టాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

"పోయిన నెల ఈ బీగం నాకు అంటగట్టినప్పుడు ఏమంటివి నరసప్పా?"

"ఏమంటినక్కా?"

"'దీన్ని నేనొచ్చినా తెరవలేను' అంటివి. పుట్టి బుద్ధెరిగినాక నువ్వు చెప్పిన నిజం అదొక్కటే. దా, కూర్చో. తొలి టీ నీకే."