స్తూపం ఎదురుగా మిలట్రీ పరదేశి

నర్సీపట్నంలో మాజీ సైనికుల సంఘం వాళ్లు కట్టించిన స్తూపానికి రేపే ప్రారంభం. గుడ్డ కూడా కప్పేశారు. ఎదురుగా ఎల్లాజీ టీకొట్టు బెంచీ మీద సంఘం ప్రెసిడెంటు మిలట్రీ పరదేశి, రేపు మైకులో చెప్పబోయేదంతా ఇవాళే జనం మీద వదులుతున్నాడు. పక్కనే చేపల గంప దించుకుని అప్పయ్యమ్మ కూర్చుంది. ఆ స్తూపం మీది పేర్లలో ఒకటి ఆవిడ కొడుకు జోగులుది, బంగ్లాదేశ్ యుద్ధంలో పోయాడు. పరదేశి చెప్పేవి కోతలని ఆవిడకి తెలుసు. తెలిసీ ఇన్నేళ్లూ నోరెత్తలేదు, ఆ వంకనైనా కొడుకు పేరు నలుగురి నోటా పడుతోంది కదాని.

“దెబ్బ తగిల్తే జోగులుగాడిని ఓ ఫర్లాంగు మోసేనర్రా, ఈ బుజం మీదే. ఆ తర్వాత ఏటైందో తెలుసా?”

“నిరుడు మీ కాలికీ తూటా తగిలిందన్నారు గదండీ?” అన్నాడు ఎల్లాజీ, టీ తిరగబోస్తూ.

“రెండు కాళ్లకీ తగిలింది! ఫర్లాంగంటే ఆళ్ల ఫర్లాంగు, మన లెక్కలో ఇక్కణ్ణించి కోటవురట్ల. మద్దిలో ఏరు, మన వరాహ నదులు నాలుగు కలిపితే ఎంతో అంత. తుపాకీ పళ్లతో పట్టుకుని, ఆణ్ణి ఈపుకి కట్టుకుని ఈదేస్తన్నాను, ఎనకాల టాంకులు. ఒడ్డెక్కి ఇలా తిరిగి ఒక్క సూపు సూసేను, అంతే, టాంకులన్నీ రివర్సు!”

“టాంకుకి రివర్సుంటాదా అండీ?”

“నేను సూసినాకే పెట్టేరు.”

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులకి పరదేశి ఇంకా రెచ్చిపోయాడు.

“ఇంతా సేస్తే ఆడేటి సేసేడో తెలుసా? ఈపు మీద ఒకటే ఏడుపు. ‘నన్నొదిలెయ్యకన్నా, బయ్యం’ అని, సంటిపిల్లడిలాగ. నిక్కరు కూడా తడిపేసుకున్నాడు!”

మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు పరదేశి మీద కాదు, కొడుకు మీద. అప్పయ్యమ్మ లేచి నిలబడింది.

“పరదేశీ, ఆడు పోయేడని కబురొచ్చిననాడు నువ్వెక్కడున్నావు బాబూ?”

“యుద్ధంలోనే గదా పిన్నీ...”

“కామెర్లొచ్చి సెలవెట్టి ఇంటికాడ పడున్నావు. కబురు ఇని నేను బజార్లో పడిపోతే పచ్చకళ్లేసుకుని పరిగెత్తుకొచ్చి నువ్వే ఎత్తుకున్నావు. నువ్వు మోసింది నా కొడుకుని కాదు నాయినా, నన్ను. ఏడిసింది నేను. నన్నొదిలెయ్యకురా అన్నది నేను. ఒళ్లు తెలీక సీర తడిపేసుకున్నదీ నేనే.”

పరదేశి తల వంచేసుకున్నాడు.

“రేపు మైకులో ఆ ముక్క సెప్పు. నా పేరెట్టే సెప్పు, నాకేటీ సిగ్గు లేదు. ఆణ్ణి మాత్రం ఏడిపించకు.”